రబ్బరు పొడి

ద్రహోమీరాకి వాయించడం రాదు.
తుడవడం వచ్చు.
ఓస్త్రావా నగర ఆర్కెస్ట్రాలో స్వరపత్రాల బీరువాలు ఆమెవి.
అద్దెకొచ్చిన కాగితాల మీద పెన్సిల్ గీతలు చెరిపి
వచ్చినవి వచ్చినట్టు తిప్పి పంపాలి.
రిహార్సల్ వేళ చివరి వరసలో కూర్చుంటుంది
ఒళ్ళో అట్టపెట్టెతో
తాను తుడవబోయేదాన్ని వింటూ.

ఫిబ్రవరి. గోడ గొట్టాల్లో వేడినీళ్ళు గుడగుడమంటున్నాయి.
హార్న్‌ల వాళ్ళు ఇంకా మఫ్లర్లు విప్పలేదు.
ఓబో ఒక్క స్వరం సాగదీసింది, దారప్పోగంత.
దాన్ని పట్టుకుని ఒకరొకరే
తమ తీగల్ని ఒడ్డుకు లాక్కున్నారు.

ఊళ్ళో ట్రాములకి కండక్టర్లు పోయి చాలాకాలం.
మిగిలిన కండక్టర్ ఈవిడొక్కతే, వ్లాస్తా హ్రుబెషోవా.
అరవై దాటాయి, ఎడమ మోకాలికి పట్టీ,
ఎత్తు కుర్చీ తెచ్చి వేస్తే
కోటుని కూర్చోబెట్టి తను నిలబడుతుంది.

నెమ్మది భాగం. నాలుగు గడులు దాటలేదు, ఆపేసింది.
"ఏడుస్తున్నారు మీరు. ఎవరేడవమన్నారు?
నూటయాభై ఏళ్ళ కిందట ఇది రాసిన పూట
అతనికి పంటినొప్పి ఉండి ఉంటుంది, కిరాణా అప్పు ఉండి ఉంటుంది,
ఏడవడానికి తీరికెక్కడిది?
ఏడుపు వినేవాళ్ళ పని. మీరు నడవండి."
చెల్లోలు నడిచాయి.
"అంత తొందరేం? ట్రామేం పోదు."
నెమ్మదించాయి.
"ఇప్పుడు శవం వెనకాల నడుస్తున్నారు."
ఎవరో నవ్వారు. ఎవరిదో కమాను కింద పడింది.
మళ్ళీ మొదటినుంచి.

పదకొండున్నరకి పెద్ద హార్న్ జ్బిన్యెక్ చెయ్యెత్తాడు.
గనుల్లో బొగ్గు పీల్చిన తాతకి మనవడు,
ఊపిరి లెక్క ఇంట్లోనే నేర్చుకున్నవాడు.
"ఈ వాక్యానికి ఒక్క ఊపిరి చాలదు మేడమ్."
"తెలుసు."
"మధ్యలో విరవనా?"
"వద్దు. చాలకపోవడం వినబడాలి."
వాయించాడు. చివర గొంతు చీలింది.
బాగుందని ఆవిడ అనలేదు, బాలేదనీ అనలేదు.
పేజీ తిప్పింది.

తర్వాత ఆ గడి.
ఏమీ లేని గడి. నెత్తిన
పడుకోబెట్టిన అరసున్న, దాని కింద చుక్క.
పలకని అక్షరం, ఎంతసేపు పలకకూడదో రాసినవాడు చెప్పలేదు,
ఆవిడ చెయ్యి చెప్పాలి.

మూడో వరస వయొలా ముందున్న పేజీలో
అక్కడే మార్జిన్‌లో ఒక పెన్సిల్ మాట.
ఏ ఊరి వాయిద్యకారుడిదో, ఏ యుద్ధానికి ముందుదో,
జర్మన్‌లో, వాలుగా: "ఇక్కడ పైకి చూడకు."
వద్దంటే చూడనివాడెవడు, చూశాడు.
గాల్లో ఆగిన చెయ్యి, నలభై కమానులు దాని కింద,
ఎవరూ తన వైపు చూడరనుకున్న మనిషి మొహం.
పిల్లని నిద్రపుచ్చి గదిలోంచి వెళ్ళలేని మొహం.
అంతకన్నా నాకూ తెలియదు, అతనూ చెప్పలేదు.
విరామంలో అందరూ కాఫీకి పోయాక
ఆ పాత అక్షరాల మీదే
తన పెన్సిల్‌తో మళ్ళీ దిద్దాడు, గట్టిగా నొక్కి.

కచేరీ అయింది. చప్పట్లు, పువ్వులు, మోకాలికి మంచు సంచి.
సోమవారం ద్రహోమీరా బల్లముందు కూర్చుంది.
ఊపిరి గుర్తులు తుడిచింది,
"నడువు" తుడిచింది, "ఏడవకు" ఆరు పత్రాల్లో తుడిచింది,
హార్న్ పేజీలో ఎవరో గీసిన చిన్న పుర్రె కూడా.
మూడో వరస వయొలా దగ్గర కాస్త ఆగి
దాన్నీ తుడిచింది. ఉద్యోగం ఉద్యోగమే.
పొడి ఊది, కాగితాన్ని దీపం కింద వంచి చూసింది.
నలుపు పోయింది. గాడి పోలేదు.
గోటితో తడిమితే చదవొచ్చు.

పొట్లం కట్టి చిరునామా రాసింది: లుబ్లియానా.
స్వెట్టర్ మీది బూడిదరంగు నలుసులు దులుపుకుంటే
కొన్ని పోయాయి.